కరపత్రం మాత్రమే

వరంగల్, కాశిబుగ్గ
8 జూలై 2024

కీర్తనా,

ఈసారి వందనాలతో మొదలుపెట్టడం లేదు. మనసులో లేనిది కాగితం మీద ఎందుకు?

పోయిన వారం శోభారాణి మా ఇంటికి వచ్చింది. తొర్రూరు దవాఖానలో బీడీ మాన్పించే గది నడిపే అమ్మాయి, మీ సంస్థ అధ్యయనానికి పనిచేసిన అమ్మాయి. చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి, సెప్టెంబరు ఆఖరుకు గది ఖాళీ చేయమని పై ఆఫీసు ఇచ్చిన నోటీసు. రెండోది ఆ నోటీసుకు కారణం. అది నువ్వు రాసిన నివేదిక.

ఆఫీసరు తనతో ఏమన్నాడో ఆమె చెప్పింది. "నువ్వు ఆరుసార్లు కూసోబెట్టి మాట్లాడి చేసిన పని కాగితం ఒక్కసారికే చేసిందమ్మా, కాగితమైతే సెలవు కూడ అడగది అన్నడన్నా. పక్కనోళ్లు నవ్విన్రు."

ఆమె ఏడవలేదు. ఇచ్చిన నీళ్లు తాగి, బస్సుకు టైమైందని లేచింది. నివేదిక నా దగ్గరే వదిలిపోయింది.

పదకొండు పేజీలు, ఇంగ్లీషు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడానికి నాలుగు రోజులు పట్టింది. తొర్రూరు వైపు నూట ఇరవై మందికి శోభారాణి ఏం చెప్పింది, ఎన్ని నిమిషాలు చెప్పింది, ఎన్నిసార్లు చెప్పింది, అదంతా రెండు పేజీలు రాశారు. మరిపెడ వైపు నూట ఇరవై మందికి ఏం జరిగిందో ఒక్కటే వాక్యం: "రెండవ బృందానికి కరపత్రం మాత్రమే ఇవ్వబడింది." ఏడాది తర్వాత ఊదే మిషన్‌తో పరీక్షిస్తే తొర్రూరులో ముప్పై నాలుగు మంది, మరిపెడలో ముప్పై ఒక్కరు బీడీ మానేసి ఉన్నారు. పెద్ద తేడా లేదు. కాబట్టి మనిషి అక్కర్లేదు, కరపత్రం చాలు. ఇదే కదా మీరు తేల్చింది?

ఆ వాక్యం తప్పు. మరిపెడలో ఆ పని చేసింది నేను. రాసేముందు నన్ను ఒక్క మాట అడిగావా? ఇంటికి వచ్చినప్పుడు చేపల పులుసు బాగుందన్నావు, మోకాలి నొప్పి ఎలా ఉందన్నావు. మరిపెడలో ఏం చేశావు మామయ్యా అని మాత్రం అడగలేదు.

ఆ వాక్యం దిద్దించు. ఫోన్ చేయకు, ఫోన్లో నాకు మాట రాదు. రాసి పంపు.

దేవదానం


హైదరాబాద్, తార్నాక
16 జూలై 2024

దేవదానం గారికి,

వందనాలు. మీరు రాయకపోయినా నేను రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివాక బీరువా తెరిచి మరిపెడ ఫారాలు బయటికి తీశాను. నూట ఇరవై ఉన్నాయి. ప్రతిదాని మీద "కరపత్రం ఇచ్చారా?" అన్న ప్రశ్న. ప్రతిదాని మీద "అవును" దగ్గర టిక్కు. కింద మీ సంతకం. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క తేదీ తప్పు లేదు.

మీ మాట ఒక్కటే నమ్మి రాయలేదు కూడా. ఏడాది చివర మిషన్ పట్టుకుని వెళ్లిన అమ్మాయి ఆ నూట ఇరవై మందినీ విడివిడిగా అడిగింది, కరపత్రం కాక ఇంకేమైనా సాయం అందిందా అని. నూట ఇరవై మందీ లేదన్నారు. మీరూ వాళ్లూ ఒకటే మాట చెప్పారు. ఇప్పుడేమో ఆ మాట తప్పని నామీద కేకలు వేస్తున్నారు.

శోభారాణి గది మూతపడుతుంటే నాకు సంతోషమని అనుకున్నారా? ఆమెతో కలిసి తొర్రూరు నుంచి మరిపెడ దాకా ఎన్నిసార్లు బస్సులో నిలబడి వెళ్లానో మీకు తెలియదు.

ఇంకొకటి కూడా రాయాలి. మిమ్మల్ని ఈ పనిలోకి తీసుకోమని మా సంస్థ పెద్ద డాక్టర్ హరికృష్ణ గారిని అడిగింది నేను. బడికి వెళ్లని మనిషి ఫారాలు ఎలా నింపుతాడన్నారు. ఆయన చేతిరాత చూడండి సార్, ముప్పై ఏళ్లుగా రోజూ రాసుకునే పుస్తకం చూడండి అన్నాను. నా మేనమామ అని కూడా దాచకుండా చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. అందుకు నాకు దక్కింది ఈ ఉత్తరం.

వాక్యం తప్పని రాశారు. ఒప్పు ఏదో రాయలేదు. మరిపెడలో కరపత్రం కాక ఏం జరిగింది?

కీర్తన


వరంగల్, కాశిబుగ్గ
27 జూలై 2024

కీర్తనా,

మన ఇంట్లో నన్ను "మీరు" అని రాసిన మొదటి మనిషివి నువ్వే. నాకది మర్యాదగా తోచలేదు.

ఫారంలో ఒకటే ప్రశ్న ఉంది. కరపత్రం ఇచ్చారా? ఇచ్చాను. అవును అన్నాను. అందులో అబద్ధం లేదు. శోభారాణి ఫారం ఆరు పేజీలు, నాది జానెడు కాగితం. ఇంకేం చేశారని అడిగే చోటు మీరు పెట్టలేదు. చోటు పెట్టనివాళ్లు జరగలేదని ఎలా రాస్తారు?

ఒప్పు ఏదో రాయమన్నావు. చదివి వినిపించాను. అంతే. ఆ నూట ఇరవై మందిలో చదవడం వచ్చినవాళ్లు ఇరవై మంది ఉండరు. అక్షరాలు చీమలంత. నలభై ఏళ్లు బీడీ కాల్చి కళ్లు మసకబారినవాళ్ల కోసం అంత చిన్న అక్షరాలు ఎవరు అచ్చు వేయించారో అడుగు మీ డాక్టరు గారిని.

వాళ్లంతా ఒకే మాట ఎందుకు చెప్పారో నాకూ అర్థం కాలేదు. మంగళవారం మరిపెడ వెళ్లాను. సారంగపాణి దొరికాడు. పత్తి చేలల్లో మందు కొట్టే మనిషి, అరవై దాటాయి, రోజుకు రెండు కట్టలు కాల్చేవాడు, ఇప్పుడు మానేశాడు. ఎందుకు అబద్ధం చెప్పారని అడిగాను.

"నీ మీదికి మాట రావద్దని చెప్పినం. జీపుల వచ్చిన మీ సంస్థ సారు నిన్ను పక్కకు పిలిచి, కాగితం ఇచ్చి రా, మాట్లాడకు అన్నది మేం ఇన్లేదా? నీ నౌకరి పోతే మాకెవలు చదువుతరు? అందరం ఒక్క మాట అనుకున్నం."

నేను ఆయన మీద కోపపడ్డాను. మీ మాట వల్ల ఒక అమ్మాయి గది పోతోందన్నాను. ఆయన నాకంటే ఎక్కువ కోపపడ్డాడు. మంచికి పోతే చెడు ఎదురైందని, ఇంకోసారి నాకోసం ఏ మిషన్ పిల్లకూ ఏదీ చెప్పనని తువ్వాలు దులిపి వెళ్లిపోయాడు.

సంగతి ఇది. ఇప్పుడు దిద్దించు.

దేవదానం


హైదరాబాద్, తార్నాక
5 ఆగస్టు 2024

మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ కోపం పెరిగింది.

చదివి వినిపించాను, అంతే అన్నావు. సారంగపాణి మాత్రం, నీ నౌకరి పోతే మాకెవరు చదువుతారు అన్నాడు. ఒక్కసారి చదివి వెళ్లిపోయినవాడి గురించి ఎవరూ అలా అనరు. ఎన్నిసార్లు చదివావు? ఎక్కడ? ఎంతసేపు? మాట్లాడవద్దని నీకు చెప్పి పంపారు, ఆ సంగతి కూడా నువ్వు రాయలేదు, ఆయన నోటి నుంచి జారింది.

ఎనుమాముల మార్కెట్లో నువ్వు ఎన్నేళ్లు బస్తాలు మోశావు? కాంటా మీద ఒకవైపు బస్తా, ఒకవైపు తూకం బాట్లు. బాట్ల మీద వేసిన అంకె నిజం కాకపోతే ఆ తూకానికి విలువేముంది? మా అధ్యయనంలో శోభారాణి పని బస్తా అయితే, మరిపెడ బాటు. ఆ బాటు మీద ఐదు కిలోలని నువ్వే సంతకం పెట్టి ఇచ్చావు. అది ఇరవై కిలోలని ఇప్పుడు చెబుతున్నావు. శోభారాణి తూకంలో తేలిపోయిందని లోకం నవ్వింది. ఆమె తేలిక కాదు. నువ్వు బరువు.

హరికృష్ణ గారి దగ్గరికి వెళ్లాను. అచ్చయిన దాని జోలికి పోవద్దన్నారు. ఇలాంటి నివేదికలన్నింటిలో రెండో బృందం గురించి ఒక్క వాక్యమే ఉంటుంది, మనం మాత్రం ఎందుకు ఎక్కువ రాయాలి అని అడిగారు. అబద్ధమని నిరూపిద్దామని రెండు రోజులు కూర్చుని, పొగ మాన్పించే కార్యక్రమాల నివేదికలు ముప్పై తీసి చదివాను. ఇరవై ఆరింటిలో అదే. "మామూలు సలహా." "సాధారణ సేవ." "కరపత్రం." అక్కడ ఎవరు కూర్చున్నారో, ఏం చెప్పారో, ఎంతసేపు చెప్పారో లేదు. ఆయన చెప్పింది నిజమే. అందుకే ఇంకా మండింది.

నీ రోజువారీ పుస్తకంలో అంతా ఉంటుంది. వాన పడితే వాన అని రాసే మనిషివి. మరిపెడ పేజీలు నకలు రాసి పంపు. నాకు ఏది నచ్చుతుందో చూసుకుని కాదు. ఉన్నది ఉన్నట్టు.

కీర్తన


వరంగల్, కాశిబుగ్గ
19 ఆగస్టు 2024

కీర్తనా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కొన్ని రోజులవి ఇక్కడ, మిగతావి విడిగా పద్నాలుగు కాగితాలు.

"మొదటి మంగళవారం. కరపత్రాలు పదకొండు ఇచ్చాను. సారంగపాణి తలకిందులుగా పట్టుకున్నాడు. తిప్పి ఇచ్చాను. చదవమన్నాడు. చదివాను."

"రెండో మంగళవారం. చాయ్ హోటల్ ముందు తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. పోయినసారి సగమే విన్నామన్నారు. మళ్లీ చదివాను."

"ఆరో మంగళవారం. పదహారు మంది. పొద్దున బీడీ లేకపోతే కడుపు కదలదని ఒకాయన. అందరూ నవ్వారు. వేడినీళ్లు తాగి చూడమని ఇంకొకాయన చెప్పాడు."

"వాన. బస్సు లేదు. వెళ్లలేదు." దాని కిందే, "పోయిన వారం రానందుకు తిట్టారు."

"ఒకాయన ఎనిమిది రోజులు మానేసి మళ్లీ కాల్చాడు. నన్ను చూసి గోడ వెనక్కి పోయాడు. ఇంటికి వెళ్లి రెండో పేజీ ఒక్కటే చదివాను. భార్య కూడా విన్నది."

మొత్తం నలభై ఒక్క మంగళవారాలు. జీపులో సారు నాలుగుసార్లు వచ్చాడు. జీపు కనిపించగానే వాళ్లు లేచి నలుదిక్కులా పోయేవాళ్లు. సారంగపాణి అయితే ఒకసారి నా ముందే నిలబడి, ఈయనెవరో మాకు ఎరుకనే లేదు సారూ అన్నాడు.

మాట్లాడవద్దని చెప్పిన మాట నిజం. సరేనని ఒప్పుకున్న మాటా నిజం. చదవడం మాట్లాడటం కాదని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నాకు తెలుసు.

ఎందుకు చేశావని నువ్వు అడగలేదు. అయినా రాస్తాను. మీ తాతకు ఎడమ కాలు ఎలా పోయిందని చిన్నప్పుడు అడిగితే పాము కరిచిందని చెప్పాం. పాము కాదు. మొద్దు కొడుతుంటే గొడ్డలి జారి పాదం తెగింది. దవాఖానలో కట్టు కట్టి, ఒక కాగితం రాసి చేతిలో పెట్టి పంపారు. రోజు విడిచి రోజు కట్టు మార్పించాలని, ఎనిమిదో రోజున తప్పక రావాలని అందులో ఉంది. నాకు పంతొమ్మిదేళ్లు. ఆయనకూ నాకూ ఒక్క అక్షరం రాదు. కాగితం పోకూడదని బైబిల్లో పెట్టాం. అదీ ఎవరికీ చదవడం రాని బైబిలే. ఇరవై ఆరో రోజున వాసన వస్తుంటే బండి కట్టి తీసుకెళ్లాం. కాంపౌండరు నన్ను అడిగాడు. "రాసి ఇచ్చినం కద?"

నిజమే. వాళ్లు రాసి ఇచ్చారు. వాళ్ల పుస్తకంలో కూడా అలాగే రాసుకుని ఉంటారు.

ఆ ఏడు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. చదవడం రానివాడి చేతిలో కాగితం పెట్టి వెనక్కి తిరగడం నాకు చేత కాదు. ఆ పనికి నన్ను పంపడం మీ తప్పు. ఆ పని చేస్తానని వెళ్లడం నా తప్పు.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. నన్ను పనిలో పెట్టించింది నువ్వు. నేను మాట తప్పానంటే నీ మాట పోతుంది. అందుకని ఊరుకున్నాను. నోటీసు శోభారాణికి వచ్చేదాకా ఊరుకున్నాను. ఇప్పుడు నీ ఇష్టం.

దేవదానం


హైదరాబాద్, తార్నాక
21 సెప్టెంబర్ 2024

మామయ్యా,

ఆలస్యమైంది. నీ కాగితాలన్నీ ఇంగ్లీషులోకి రాశాను. మధ్యలో రెండుసార్లు వదిలేసి లేచిపోయాను.

తాత కాలు గురించి అమ్మను అడిగాను. ఫోన్ పెట్టేసింది. గంట తర్వాత తనే చేసి, అన్న చెప్పిండా అని మాత్రం అడిగింది. ముప్పై ఏళ్లు నాకు పాము కథ చెప్పారు మీరిద్దరూ. నోరు తెరవకపోవడం మన ఇంట్లో పెద్దరికం. ఆ పెద్దరికమే నూట ఇరవై ఫారాల మీద సంతకం పెట్టింది. నువ్వు మొదటి నెలలోనే ఒక్క ముక్క రాసి ఉంటే అధ్యయనం అక్కడే సరిచేసుకునేవాళ్లం. నీమీద నాకు ఇంకా కోపంగానే ఉంది. తగ్గిందని రాస్తే అబద్ధం అవుతుంది.

నీకు చెప్పకుండా దాచిందొకటి నా దగ్గరా ఉంది. కరపత్రం ఒక్కటే ఇచ్చిన చోట వందకు నలుగురో ఐదుగురో మానేస్తారని మేం ముందే లెక్క వేసుకున్నాం. మరిపెడలో వందకు ఇరవై ఆరు వచ్చింది. అంకె చూడగానే ఏదో జరిగిందని నాకు తెలిసింది. ఆ సాయంత్రమే నిన్ను అడగాల్సింది. మూడు నెలల తర్వాత మీ ఇంటికి వచ్చి చేపల పులుసు తిని వెళ్లాను. ఏం చెబుతావోనని భయం. పనిలో పెట్టించింది నేను కదా. కరపత్రం చాలునంటే అందరికీ సంతోషంగా ఉంది, చవక కూడా. నేనూ ఆ సంతోషంలో దాక్కున్నాను. మొదటి ఉత్తరంలో నువ్వు అడిగింది సరైన మాటే. అందుకే అంత దురుసుగా జవాబు రాశాను.

పోయిన సోమవారం అందరి ముందు నీ కాగితాలు పెట్టాను. హరికృష్ణ గారు, మీ మామ కోసం సంస్థ పరువు తీస్తావా అన్నారు. "సార్, మరిపెడలో ఏం చేశామో మనకే తెలియదు. తెలిసినట్టు రాశాం. అది దిద్దుదాం" అన్నాను. ఎవరూ సంతకం పెట్టలేదు. దిద్దుబాటు నా ఒక్కదాని పేరుతో పంపాను. నివేదిక అచ్చు వేసిన పత్రిక వాళ్లు తీసుకున్నారు.

అందులో ముఖ్యమైన ముక్క ఇది: "రెండవ బృందానికి కరపత్రం మాత్రమే ఇచ్చామని రాశాం. అది సరికాదు. ఒక కార్యకర్త నలభై ఒక్క వారాలు ఆ కరపత్రాన్ని సభ్యులకు చదివి వినిపించారు. దాన్ని నమోదు చేసే ఏర్పాటు మా ఫారంలో లేదు. కాబట్టి కౌన్సెలింగు వల్ల అదనపు ప్రయోజనం లేదన్న మా నిర్ణయం నిలవదు." కింద, ఇలాంటి అధ్యయనం ఎవరు చేసినా రెండు బృందాలకూ ఒకే పొడవు ఫారం పెట్టాలని, రెండింటికీ ఏం జరిగిందో ఒకే వివరంతో రాయాలని చేర్చాను.

నకలు పై ఆఫీసుకు పంపాను. శోభారాణికీ పంపాను. నీ పేరు వేయలేదు. వేయమంటే వేస్తాను.

కీర్తన


వరంగల్, కాశిబుగ్గ
4 నవంబర్ 2024

కీర్తనకు వందనాలు.

పేరు వేయించు. మాట తప్పినవాడికి పేరు ఉండాలి.

శోభారాణి గదికి మార్చి దాకా గడువు ఇచ్చారు. ఆఫీసరు పొరపాటైందని అనలేదు. తొర్రూరులో ఏం చేస్తున్నారో, మరిపెడలో ఏం చేశారో మొత్తం రాసి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తానన్నాడట. ఇంతకాలం చూడకుండానే ఎలా ఆలోచించాడో అడగాలనిపించింది.

అందుకని, నేను మునుపటిలాగే చదువుతుంటే చూసి రాయడానికి, పోయిన మంగళవారం శోభారాణి నాతో మరిపెడ వచ్చింది. నా వెనుక స్టూలు వేసుకుని, వాచీ చూసుకుంటూ రాసింది. మామూలుగా చదివే కరపత్రమే తడబడుతూ చదివాను. అయ్యాక ఆమె కాగితం చూపించింది. చదవడం నాలుగు నిమిషాలు. ఆగడం ఇరవై ఏడు నిమిషాలు.

నాకు కోపం వచ్చింది. ఆగడం కూడా ఒక పనేనా, అది రాస్తే ఆఫీసరు మళ్లీ నవ్వడా అన్నాను. సారంగపాణి అందుకున్నాడు. నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు, ఆమెతోనే చెప్పాడు.

"పనే కద బిడ్డా. ఈ సారు ఒక్క లైను చదివి నోరు మూస్తడు. మా మొహం చూసుకుంట కూసుంటడు. ఎంతసేపని ఊకుంటం, మాకే ఇజ్జత్ తక్కువైతది. ఏదో ఒకటి చెప్పాలె. నలుగుర్ల చెప్పినంక చెయ్యకుంటే ఎట్ల? మీ గదిల నువ్వే మాట్లాడుతవట గద, తొర్రూరోళ్లు చెప్పిన్రు."

శోభారాణి మొహం ఎర్రబడింది. అయినా ఆ మాట కూడా రాసుకుంది. తిరుగు బస్సులో తొర్రూరు వచ్చేదాకా ఆ కాగితమే తిరగేసింది. దిగేటప్పుడు, తన గదిలో తను ఎంతసేపు ఆగుతుందో చూడాలని, ఆ శుక్రవారం వెనుక కూర్చుని నన్ను రాయమంది. వెళ్లి రాశాను. రెండు నిమిషాలు.

నలభై ఒక్క మంగళవారాల నా పుస్తకంలో ఆగడం అన్న మాట ఒక్క చోటా లేదు. నేను చేశాననుకున్నదే రాశాను. ఫారంలో చోటు లేదని నీమీద అరిచాను. నా పుస్తకంలో కావలసినంత చోటు ఉంది. అయినా రాయలేదు, ఎందుకంటే అది పనని నాకే తెలియదు. నువ్వు పంపిన దిద్దుబాటు కూడా సరిపోదు. శోభారాణి కాగితం, నేను ఆమె గదిలో రాసింది, రెండూ జతచేశాను. వాటినీ పంపు. మళ్లీనా అని పత్రిక వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

ఇక నీ సంగతి. పోయిన ఉత్తరం నాలుగు పేజీలు రాశావు. ఆ సోమవారం అందరి ముందు మాట్లాడావన్నావు, ఒక్కదాని పేరుతో పంపానన్నావు. ఆ తర్వాత నీ ఉద్యోగం ఏమైందో ఒక్క ముక్క లేదు. మీ అమ్మను అడిగాను. "మంచిగనే ఉంది అన్నా" అన్నది. నేను నమ్మలేదు.

ఏం జరిగిందో రాయి. నేను బాధపడతానని ఏదీ వదిలేయకు. మొత్తం రాయి.

దేవదానం